ముల్లు గుచ్చిన చోటు

"పద్నాలుగు బస్తాలమ్మా! పద్నాలుగు! బంగారాన్ని కూడా ఇంత పదిలంగా దాచుకోరు ఎవరూ."

"దాచుకుంటే మీకేం బరువు? అటక మీదున్నాయి. మీ నెత్తి మీద కాదుగా."

"అటక నా నెత్తి మీదేగా ఉంది! కొత్త మెషీను వస్తోంది. దాని షీట్లు ఎక్కడ పెట్టుకోమంటావు, నీ ఒళ్ళోనా? నాలుగింటికి పాతసామాన్ల బండి వస్తుంది. ఒక్క బిళ్ళ కూడా మిగలడానికి వీల్లేదు."

"ఇంకో నెల ఆగండి."

"ఆరేళ్ళ నుంచీ ఇదే పాట. ఇంకో నెల, ఇంకో నెల. అవేమన్నా మాగేస్తే పండే కాయలా, నెల ఆగడానికి?"

షట్టరు బయట నిలబడి ఆమె మరిది అంతా విన్నాడు. కొట్టు ఓనరు విసురుగా బయటికొచ్చి, అతన్ని చూసి ఆగాడు. "ఏం సగం డిగ్రీ, నువ్వయినా చెప్పు మీ వదినకి. నేను చెప్తే చెవుల్లో దూది పెట్టుకుంటుంది" అని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

సగం డిగ్రీ అంటే ఇతనే. మూడేళ్ళ కాలేజీని ఏడాదిన్నరకే మానేసినందుకు వీధి మొత్తం కలిసి ఇచ్చిన బిరుదు. మొదట్లో ఆ మాట అన్నవాడి కాలరు పట్టుకునేవాడు. ఇప్పుడు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసుకుంటూ, ఆ పేరుతో పిలిస్తే పలుకుతున్నాడు.

లోపల ఆమె బల్ల మీద వంగి మళ్ళీ పనిలో పడింది. గోడకీ బల్లకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. రేకుల కప్పులో ఒకచోట అద్దం బిగించారు. వెలుతురంతా అందులోంచి తిన్నగా బల్ల మీదే పడుతుంది. బల్ల చెక్క మీద కత్తి గాట్లు, అన్నీ గుండ్రాలే, ఒకదాని మీద ఒకటి, కొన్ని వేలు.

"అయ్యిందా వదినా?" అన్నాడు. గొడవ అయ్యిందా అని అతని ఉద్దేశం.

ఆమె చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. మెడ బిగుసుకుపోయింది. ఆ బిగువు గుమ్మంలో ఉన్న అతనికి కూడా తెలిసింది.

"వచ్చినప్పుడల్లా ఆ మాటే అనాలా?" అంది. "ఇంకేదన్నా అనొచ్చుగా. దగ్గు. లేకపోతే చెప్పులు చప్పుడు చెయ్యి."

ఇది అతనికి కొత్త కాదు. ఆరేళ్ళుగా ఇంట్లో కూడా ఇంతే. అతను వెనక నుంచి పిలిస్తే తిరగదు, గోడకేసే జవాబు చెప్తుంది. తనంటే ఆమెకి గిట్టదని అతను ఎప్పుడో తేల్చుకున్నాడు. తేల్చుకున్నాక మనసుకి హాయిగానే ఉంది.

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదంటే నమ్మాలి. పంపులు బాగుచేసేవాళ్ళకీ లాండ్రీ వాళ్ళకీ బాయిలర్ల వాళ్ళకీ ఆమె వాషరమ్మ. రెండు ఇనప గొట్టాలు కలిసే చోట నీళ్ళూ ఆవిరీ కారకుండా మధ్యలో ఒక మెత్తటి చుట్టు పెట్టి బిగిస్తారు. వాషరన్నా రింగన్నా ఆ చుట్టే. షీట్లలోంచి వాటిని కొయ్యడం ఆమె పని. పందొమ్మిదేళ్ళప్పుడు ఈ కొట్లో ఊడవడానికి చేరింది. అప్పట్లో రింగులు కోసే ముసలాయనకి చెయ్యి వణికేది. ఒకరోజు ఆయన సగంలో వదిలేసిన రింగుని చీపురు పక్కన పెట్టి ఈమె పూర్తి చేసింది. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, రింగులు కోసే కట్టరు ఆమె చేతిలో పెట్టి, చీపురు తను తీసుకున్నాడట. పద్దెనిమిదేళ్ళ కిందటి మాట.

ఎదురుగా బట్టలకి రంగులద్దే మిల్లు ఉంది. అందులో బాయిలరు చూసుకునే కుర్రాడు రింగుల కోసం వచ్చేవాడు. వారానికొకసారి వచ్చేవాడు కాస్తా రోజు విడిచి రోజు రావడం మొదలెట్టాడు. ఒక్క బాయిలరుకి ఇన్ని రింగులెందుకని ఓనరుకి అనుమానం వచ్చేసరికి పెళ్ళి కుదిరిపోయింది. ఆ కుర్రాడే మరిదికి అన్నయ్య.

ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మిల్లులో ఆవిరి గొట్టం జాయింటు పేలింది. అన్నయ్య దాని పక్కనే ఉన్నాడు, బతకలేదు. ఆవిరి చేసిన పని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. విచారణ చేసినవాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. ఆపరేటరు డ్యూటీలో నిద్రపోయాడు, మీటరు చూసుకోలేదు, ఒత్తిడి మీరింది. అంతే ఉంది అందులో. జాయింటులోని రింగు పీలికలై ఎగిరిపోయింది, చూద్దామంటే చేతికి దొరకలేదు.

అమ్మ మొదటి ఏడాది గుమ్మం తొక్కిన ప్రతివాళ్ళతోనూ వాదించింది, నా కొడుకు నిద్రపోతు కాదు అని. తర్వాత వాదించడం మానేసింది. తర్వాత గుమ్మంలోకి రావడమే మానేసింది. మరిదిని కాలేజీ వరండాలో ఒకడు "నిద్రపోతు తమ్ముడు" అన్నాడు. వాడి పన్ను ఒకటి ఊడింది, ఇతని చదువు ఊడింది. ఇన్నేళ్ళలోనూ చదువు పోయినందుకు బాధపడ్డది తక్కువ. పిడికిలి ఎత్తిన ఆ ఒక్క క్షణం, అన్నయ్య నిజంగానే నిద్రపోయాడేమో అని తనకే అనిపించింది. అది మాత్రం మర్చిపోలేకపోయాడు.

"ఎందుకొచ్చావు?" అంది ఆమె.

"పని మీదే. ప్రెస్సులో టెక్నికల్ స్కూలు పుస్తకం వేస్తున్నాం. ఒక మాట దగ్గర లెక్కల మాస్టారికీ ప్రూఫులు దిద్దే ఆయనకీ జుట్టూ జుట్టూ ముడిపడింది. పనివాళ్ళు ఏమంటారో కనుక్కురమ్మని నన్ను తోలారు."

"ముందు ఆ నిచ్చెన పట్టుకో."

నిచ్చెన వేసి ఆమె పైకెక్కబోయింది. అతనే ఆమెని తప్పించి ఎక్కాడు. అటక మీద బస్తాలు కుదురుగా పేర్చి ఉన్నాయి, ఒక్కోదాని మీద సుద్దతో నెలలు రాసి. రింగు కోస్తే మధ్యలోంచి ఊడిపడే బిళ్ళలు అవన్నీ. ఎందుకూ పనికిరానివి. ఏ కొట్లో అయినా సాయంత్రానికి ఊడ్చి పారేస్తారు.

"గోడవైపు అడుగున ఉన్నది" అంది కింద నుంచి. "దాని మీద ఏమీ రాసుండదు."

దించాడు. ఆమె దాన్ని బల్ల పక్కకి లాక్కుని, ముందు స్టూలేసుకుని కూర్చుంది. మూతి విప్పలేదు. రెండు చేతులూ బస్తా మీద పెట్టుకుని, జ్వరమొచ్చిన పిల్లని పట్టుకున్నట్టు కూర్చుంది.

టైము రెండున్నర. ఎదురుగా మిల్లులో ఆవిరి వదిలారు. సన్నటి ఈల. ఆమె కళ్ళు మూసుకుని అది ఆగేదాకా ఊపిరి బిగబట్టింది. అతనికి ఇంట్లో కుక్కరు గుర్తొచ్చింది. ఆమె దాన్ని ఎప్పుడూ కూత కుయ్యనివ్వదు, ఆవిరి బుసకొట్టగానే దించేస్తుంది. పలుకుపలుకుగా ఉన్న అన్నం తినలేక అమ్మ సణుగుతుంది. ఆమె వినిపించుకోదు. ఆ సంగతీ ఈ సంగతీ ఒకటేనని అతనికి ఇప్పుడే తట్టింది. తట్టగానే ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. జేబులోంచి కాగితం తీశాడు.

"ఒక పెద్ద గుండ్రం, దాని లోపల ఒక చిన్న గుండ్రం. రెంటికీ కేంద్రం ఒకటే. మధ్యలో మిగిలిన పట్టీ ఉంటుంది చూడు, నువ్వు కోసేది, దాన్ని ఏమంటారు?"

"రింగు."

"తెలుగులో."

"రింగు తెలుగు కాదా? నేను పుట్టినప్పటి నుంచీ అంటున్నాను."

అతనికి నవ్వొచ్చింది. "మాస్టారు కంకణం అనాలంటాడు. పాత లెక్కల పుస్తకాల్లో అలాగే ఉందట. ప్రూఫులాయన వలయం అంటాడు. సంస్కృతంలో దానికీ కడియం అనే అర్థం. తిరగడం, చుట్టుకోవడం అనే ధాతువులోంచి వచ్చింది. ఇంగ్లీషు పుస్తకాల్లో యాన్యులస్ అని ఉంటుంది. అదేదో గొప్ప మాట అనుకున్నాను. లాటిన్‌లో చిన్న ఉంగరం అట, అంతే."

"అందరూ ఒంటికి పెట్టుకునేవే చూశారన్నమాట" అంది. ఇన్నాళ్ళకి ఆమె గొంతులో కాస్త వెటకారం వినిపించింది. "కడియంలో చెయ్యి ఉంటుంది. ఉంగరంలో వేలుంటుంది. కోసేవాళ్ళెవరూ పెట్టిన పేరు కాదది. కోసేవాళ్ళకి మధ్యలో ఉండేది బొక్క. మరి ఈ బిళ్ళనేమంటారట?"

"డిస్కు. అది గ్రీకు మాట. విసిరేది అని అర్థం. ఆటల్లో విసిరే పళ్ళెం."

"మా ఓనరు గ్రీకు చదివాడని నాకు తెలీదు" అంది. "పొద్దున్నుంచీ అదేగా మొత్తుకుంటున్నాడు, విసిరెయ్యమని."

ఇద్దరూ నవ్వారు. అతను ఉత్సాహంగా కాగితం తిప్పాడు. "ఇంకోటుంది. కేంద్రం అనే మాట. సంస్కృతమే అనుకుంటాం కదా, అదీ గ్రీకు నుంచి వచ్చిందే. మొదట దాని అర్థం ముల్లు. ఎద్దుని అదిలించే ముల్లుకర్ర. తర్వాత గుండ్రం గీసే కంపాసుకి కదలకుండా గుచ్చి ఉంచే కాలు. ఆ ముల్లు గుచ్చిన చోటే కేంద్రం. చూడు వదినా, నీ చేతిలో ఉన్న ముల్లే..."

ఆమె మొహం చూసి ఆగిపోయాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది. దాని వెనక మనిషి లేదు.

"రెంటికీ కేంద్రం ఒకటి కాకపోతే?" అంది.

"అప్పుడు ఈ పేరు పనికిరాదు. పుస్తకం ప్రకారం అది కంకణమూ కాదు, వలయమూ కాదు."

"మరేంటి?"

"పేరు లేదు."

"మాకుంది" అంది ఆమె. "తేడాపడింది అంటాం."

తర్వాత ఆమె చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. కొత్తవాళ్ళకి పని నేర్పుతున్నట్టే చెప్పింది. కట్టరుకి ఒక కాలు ముల్లు, ఇంకో కాలు కత్తి. షీటు మీద ముల్లు గుచ్చి, ముందు బయటి గుండ్రం కొయ్యాలి. ముల్లు పీక్కుండా కత్తిని లోపలికి జరిపి, తర్వాత లోపలి గుండ్రం. లోపలిది ముందు కోస్తే బిళ్ళతో పాటు ముల్లు గుచ్చిన చోటు కూడా ఊడిపోతుంది, ఇక బయటిదానికి ఆధారం ఉండదు. రెంటి మధ్యా ముల్లు పీకకూడదు. పీకితే మళ్ళీ అదే బెజ్జంలో పడుతుందని నమ్మకం లేదు. ముసలాయన నేర్పిన మొదటి మాటే అది.

"ఆ రోజు పొద్దున మీ అన్నయ్యా నేనూ పోట్లాడుకున్నాం. దేనికో గుర్తులేదు. గుర్తుంటే బాగుండేది. పదింటికి ఆయనే వచ్చాడు రింగు కోసం. జాయింటు కారుతోంది, తొందరగా కావాలన్నాడు. నేను బయటి గుండ్రం కోసి, కత్తి జరుపుతున్నాను. వెనకగా వచ్చి, చెవి దగ్గర 'అయ్యిందా?' అన్నాడు. రింగు గురించి కాదు, నా కోపం గురించి. నాకు నవ్వొచ్చి గభాల్న తిరిగాను. ముల్లు ఊడొచ్చేసింది. మళ్ళీ గుచ్చాను."

"అదే బెజ్జంలోనా?"

"చూడలేదు. నవ్వుతున్నానుగా."

మరిది చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నీ గొంతు అచ్చం ఆయనదే" అంది. "నువ్వు వెనక నుంచి ఆ మాట అన్నప్పుడల్లా నేను తిరిగి చూడకపోతే, నీ మీద కోపం అనుకున్నావు కదూ? తిరిగితే నువ్వుంటావు. అందుకే తిరగను."

మళ్ళీ బస్తాకేసి చూసింది. "రింగు పోయింది. బిళ్ళ పోలేదు. రింగు సరిగ్గా ఉందో లేదో బిళ్ళని చూస్తే తెలిసిపోతుంది. దాని మీద ముల్లు బెజ్జం ఒకటే ఉంటే నా చెయ్యి తప్పలేదు. రెండుంటే తప్పింది. ఆసుపత్రి నుంచి కబురొచ్చినప్పుడు అది ఇదే బల్ల కింద పడుంది. ఆ రోజు కోసిన మిగతా బిళ్ళలతో పాటు చూడకుండా గుడ్డలో మూటగట్టి ఇందులో వేశాను."

"మరి ఈ పద్నాలుగు బస్తాలూ?"

"ఒక్క బిళ్ళ దాచుకుంటే ఎందుకని అడుగుతారు. అన్నీ దాచుకుంటే పిచ్చిదంటారు. పిచ్చిదనిపించుకోవడమే నయం అనిపించింది."

అతను గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఒక బెజ్జమైతే అన్నయ్య నిద్రపోతు. రెండైతే తప్పు వదినది. ఏది కావాలో అతని మనసు అతనికి చెప్పలేదు. గోడ గడియారం మూడుంపావు.

"నన్ను చూడమంటావా?"

"వద్దు" అంది. బస్తా విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి మూట తీసింది. ఆరేళ్ళ మూట. ముడి రాయిలా అయిపోయింది. కత్తితోనే కోసింది. లోపల ఏడెనిమిది బిళ్ళలున్నాయి. పెద్దది ఒకటే, ఆ ఆవిరి గొట్టం రింగుది, నల్లది, దోసిలంత. ఆమె దాన్ని చూడలేదు. కళ్ళు మూసుకుని బొటనవేలితో మధ్యలో తడిమింది. వేలు ఒకచోట ఆగింది. కొంచెం జరిగింది. మళ్ళీ ఆగింది.

"రెండు" అంది.

బిళ్ళని వెలుతురు కింద పెట్టింది. అతనూ వంగి చూశాడు. బియ్యపుగింజంత ఎడంలో రెండు బెజ్జాలు, పాము కాటులాగా.

అప్పుడు అతనికి ఒళ్ళు మండింది. "ఆరేళ్ళు వదినా! ఆరేళ్ళు అన్నయ్యని నిద్రపోతుని చేసి కూర్చోబెట్టావు. అమ్మ గుమ్మం దాటడం మానేసింది. నేను కాలేజీ మానేశాను. నువ్వు దీన్ని పక్కనే పెట్టుకుని రోజూ రింగులు కోసుకుంటున్నావా?"

"అవును" అంది.

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. కాళ్ళ మీద పడుతుందనుకున్నాడు. లేకపోతే తిరగబడుతుందని, తనూ మొగుడు పోయిన మనిషేనని అరుస్తుందని అనుకున్నాడు. ఆ ఒక్క 'అవును' తర్వాత అతని కోపానికి నిలబడే చోటు లేకపోయింది. తనే ఎదురు వాదన మొదలెట్టాడు.

"ఇంత చిన్న తేడాకే జాయింటు పేలుతుందా? పేలకపోవచ్చు కూడా. నిజంగానే మీటరు చూసుకోలేదేమో. నీకెలా తెలుసు?"

"నాకు తెలీదు. ఆ రింగు వెడల్పు బొటనవేలంత. ఒకపక్క చిటికెన వేలంత అయిపోయి ఉంటుంది. ఆగితే ఆగొచ్చు. ఒత్తిడి మీరితే ఆగదు. ఆయన నిజంగానే కునుకు తీశాడేమో. రెండూ జరిగుండొచ్చు. కానీ వాళ్ళ కాగితంలో ఒక్కటే రాశారు. రెండోది నా దగ్గరుంది."

నాలుగు కాకముందే బండి వచ్చింది. ఓనరు కూడా వెనకే దిగాడు, గొడవకి గుండెలనిండా గాలి పీల్చుకుని. ఆమె పక్కకి జరిగి దారిచ్చింది. ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. "ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని మరిదిని చూశాడు. అతను నిచ్చెనెక్కి మిగతా బస్తాలు దించడం మొదలెట్టాడు. బస్తాలు ఒక్కొక్కటే బండెక్కాయి. మూతి విప్పిన బస్తాలోంచి బిళ్ళలు నాలుగైదు రోడ్డు మీద దొర్లుకుంటూ కాలవలోకి పోయాయి. ఆమె చూస్తూ ఊరుకుంది. అటక ఖాళీ అయ్యాక రేకుల కింద చోటు ఎంతో పెద్దదిగా, మనిషి ఇప్పుడే లేచి వెళ్ళిన గదిలాగా కనిపించింది.

ఓనరు వెళ్ళాక ఆమె పెద్ద బిళ్ళని గుడ్డతో తుడిచింది. అతనికేసి తిన్నగా చూసింది. వెలుతురు తగ్గుతోంది. ఆ మొహంలో భయం ఉంది, కానీ ఇన్నాళ్ళ భయం కాదు, అప్పుడే పుట్టినది.

"నీకు రాత వచ్చు" అంది. "మిల్లుకి ఒక కాగితం రాసిపెట్టు. ఆయన నిద్రపోలేదని రాయొద్దు. అది మనం చూడలేదు, చూడనిది రాయకు. ముల్లు ఊడింది, రెండోసారి గుచ్చింది నేనే, బొక్క మధ్యలో పడలేదు. అంతే రాయి. వలయాలూ కంకణాలూ వద్దు. కింద నేను సంతకం పెడతాను. కానీ వాళ్ళకి ఇచ్చే ముందు ఇంటికి తీసుకెళ్ళి అత్తయ్యకి చదివి వినిపించు. నేను పక్కనే కూర్చుంటాను. ఆవిడ ఏమన్నా అననీ, నన్ను కొట్టినా కొట్టనీ. నువ్వు మాత్రం చదవడం మధ్యలో ఆపకు."